అమెరికాలో స్వతంత్ర ప్రసూతి కేంద్రాలు: లైసెన్సు, బీమాల చరిత్ర

ఉపోద్ఘాతం:
ఇరవయ్యో శతాబ్ది మధ్యనాటికి అమెరికాలో కాన్పులు దాదాపు పూర్తిగా ఆసుపత్రులకు తరలిపోయాయి. దీనికి ప్రత్యామ్నాయంగా, ఆసుపత్రికి వెలుపల మిడ్‌వైఫ్‌ల పర్యవేక్షణలో నడిచే స్వతంత్ర ప్రసూతి కేంద్రాలు 1970లలో రూపుదిద్దుకొన్నాయి. వీటి మనుగడను వైద్య ఫలితాలతో పాటు రాష్ట్రాల లైసెన్సు, బీమా చెల్లింపులు ఎలా నిర్ణయించాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

లైసెన్సు:
1918లో ఏర్పడిన మెటర్నిటీ సెంటర్ అసోసియేషన్ 1975లో న్యూయార్క్ నగరంలో చైల్డ్‌బేరింగ్ సెంటర్‌ను ప్రారంభించింది. ఆసుపత్రుల కోసం రాసిన నిబంధనలు ఇటువంటి చిన్న కేంద్రాలకు పొసగవు. అందువల్ల అమెరికన్ పబ్లిక్ హెల్త్ అసోసియేషన్ 1982లో వీటి లైసెన్సుకు ప్రత్యేక మార్గదర్శకాలను ఆమోదించింది. 1985లో గుర్తింపు సంఘమూ ఏర్పడింది. అయితే ఆ గుర్తింపు స్వచ్ఛందం. లైసెన్సు మాత్రం రాష్ట్రాల అధికారం. పైగా 1974 నాటి సమాఖ్య చట్టం విస్తరింపజేసిన 'ఆవశ్యకతా ధ్రువపత్రం' విధానాన్ని, ఆ చట్టం రద్దయిన తరువాత కూడా అనేక రాష్ట్రాలు కొనసాగించాయి. కొన్నిచోట్ల కొత్త కేంద్రాలకు అదే అవరోధమైంది.

ఫలితాలు:
1989లో వెలువడిన జాతీయ అధ్యయనం 84 కేంద్రాలలో నొప్పులతో చేరిన 11,814 మంది స్త్రీలను పరిశీలించింది. వారిలో 4.4 శాతం మందికే సిజేరియన్ జరిగింది; తల్లుల మరణం ఒక్కటీ లేదు. వీరు తక్కువ ప్రమాదం గల గర్భిణులు కనుక ఈ అంకెను నేరుగా జాతీయ సగటుతో పోల్చరాదు. అయినా ఎంపిక చేసిన గర్భిణులకు ఈ కేంద్రాలు సురక్షితమన్న వాదానికి ఇది గట్టి ఆధారం.

బీమా:
ఇక్కడ బీమా రెండు విధాలు. మొదటిది వైద్య నిర్లక్ష్య దావాల నుంచి కేంద్రాన్ని కాపాడే బీమా. 1980ల మధ్యలో అది ఖరీదై, దుర్లభమై మిడ్‌వైఫ్‌లను చిక్కుల్లో పడవేసింది. రెండవది తల్లి కాన్పు ఖర్చును భరించే బీమా. పేదల ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్ దేశంలోని ప్రతి పది కాన్పులలో సుమారు నాలుగింటి ఖర్చును భరిస్తుంది. 2010 ఆరోగ్య సంస్కరణ చట్టం ఈ కేంద్రాల సేవలకు మెడికెయిడ్ చెల్లించాలని నిర్దేశించింది. కానీ రాష్ట్రం లైసెన్సు ఇచ్చిన, లేదా మరో విధంగా ఆమోదించిన కేంద్రాలకే ఆ నియమం వర్తిస్తుంది.

ముగింపు:
భద్రతకు హామీగా పుట్టిన లైసెన్సు ఈ విధంగా చెల్లింపుకు కూడా అర్హతాపత్రమైంది. రాష్ట్రం ఆమోద మార్గం ఏర్పరచని చోట స్తోమత గల స్త్రీ సొంత డబ్బుతో ఈ కేంద్రాన్ని ఎంచుకోగలదు. మెడికెయిడ్‌పై ఆధారపడిన స్త్రీకి ఆ ఎంపిక కాగితం మీదే మిగులుతుంది. కనుక ఈ కేంద్రాల చరిత్రను వైద్య చరిత్రగానే గాక, పేద తల్లి హక్కుల చరిత్రగా కూడా అధ్యయనం చేయవలసి ఉంది.