హాజరు పట్టీలో ఇంటిపేర్లు

మా తాతకు అక్షరాలు నేర్పింది సర్కారు కాదు. ఊళ్లో బోర్డు స్కూలు ఉండేది గానీ అది రామాలయం పక్క చావిట్లో ఉండేది. మా నీడ గుడి మీద పడకూడదన్న రోజుల్లో గుడి పక్కనున్న బడికి మేమెట్టా పోతాం? సర్కారు సొమ్ముతో నడిచే బళ్లలో పంచముల పిల్లల్ని చేర్చుకోవాలని 1919లో మద్రాసు ప్రభుత్వం ఉత్తర్వు వేసింది. ఉత్తర్వు మద్రాసులో ఉంది, చావిడి మా ఊళ్లో ఉంది. మా తాత పలక పట్టింది మాదిగపల్లెలో, చర్చి పందిరి కింద. ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషను పంపిన పాస్టరే పంతులు. ఆదివారం వాక్యం, మిగతా రోజులు పలక. ఓనమాలంటే ఓం నమః అని మొదలుపెట్టేవి గదా, మా తాతకు అవి లేవు. తిన్నగా 'అ' దగ్గరే మొదలు.

1876-78 కరువులో మావాళ్లు బకింగ్‌హాం కాలవ తవ్వకానికి పొయ్యారు. అందులో కొంత దూరం పని ఒంగోలు మిషను దొర క్లౌ కాంట్రాక్టుకు తీసుకున్నాడు. 1878 జూలైలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అందులో ఎక్కువమంది మాదిగలే. బువ్వ కోసం మతం మారారని ఇప్పటికీ ఎకసెక్కం చేసేవాళ్లున్నారు. కరువు సాయం పంచినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడన్న సంగతి వాళ్లు చెప్పరు. బువ్వతోపాటు పలక కూడా వచ్చిందని అసలే చెప్పరు.

ఇదంతా ఎందుకు తవ్వుతున్నానంటే, ప్రైవేటు బడి దోపిడీ, సర్కారు బడి మనది అని సభల్లో మనం చాలా తేలిగ్గా అనేస్తున్నాం. నేనూ అన్నాను. మా తాత బడి ఒకరకంగా ప్రైవేటు బడే. 1848లో పూనాలో జోతిరావు, సావిత్రీబాయి పెట్టిన బడి సర్కారుది కాదు. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ ఆది హిందువుల పిల్లల కోసం తెరిచిన బళ్లు ఆయనా ఆయన మనుషులూ చందాలెత్తి నడిపినవి. అంబేద్కర్ ఇంటినుంచి గోనెపట్ట తెచ్చుకుని విడిగా కూర్చున్న సతారా బడి మాత్రం సర్కారు బడే.

నా సంగతికొస్తే, 1964లో నేను పంచాయతీ సమితి బడిలో చేరాను. అప్పటికి బడి చావిడి దాటి పెంకుటింట్లోకి వచ్చింది. మేం తలుపు దగ్గర కూర్చునేవాళ్లం. కుండ ముట్టేది లేదు, ఊరి పిల్లాడు ఎవడన్నా పైనుంచి పోస్తే దోసిలి పట్టాలి. వాడికి బుద్ధి పుట్టకపోతే దాహంతోనే ఇంటికి. అయితే ఒక మాట నిజం చెప్పాలి. ఆ బడిలో రైతుల కొడుకులు ఉన్నారు కాబట్టి పంతులు టయానికి వచ్చేవాడు. రాకపోతే సాయంత్రం అరుగు మీద సమాధానం చెప్పుకోవాలి. వాళ్ల కోసం చెప్పిన పాఠం గోడకు తగిలి మా చెవిన కూడా పడింది. నేను చదువుకున్నది అట్టా పడిన చదువే.

ఆరో తరగతికి టౌన్లో సాంఘిక సంక్షేమ హాస్టలు. చర్చిలో నా పేరు ఒకటి, బడిలో ఇంకొకటి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన మాదిగ షెడ్యూల్డు కులం కిందికి రాడు. హాస్టల్లో సీటు కావాలంటే హిందువై ఉండాలి. మా తాతకు అక్షరమిచ్చిన దేవుణ్ని ఇంట్లో దాచిపెట్టి నేను హాస్టలు అన్నానికి పొయ్యాను. మా తాత ఆరోజు ఏం మాట్లాడలేదు. ట్రంకుపెట్టె మాత్రం తనే మోసుకొచ్చాడు.

1983లో నేను పంతులుగా చేరిన బడిలో మూడో తరగతి హాజరు పట్టీ పిలుస్తుంటే ఊరంతా పలికేది. అన్ని కులాల ఇంటిపేర్లూ ఉండేయి. ఆ తర్వాత ఏడాదికేడాది పేర్లు రాలిపోవటం మొదలైంది. పక్క టౌన్లో కాన్వెంటు పెట్టారు, పసుప్పచ్చ వ్యాను ఊళ్లోకి వచ్చింది. ముందు పెద్ద రైతుల ఇంటిపేర్లు పొయ్యాయి. తర్వాత కోమట్లవి. తర్వాత చిన్న రైతులవి. ఆఖరికి గొల్లోళ్లు, చాకలోళ్లు కూడా గేదెనమ్మో అప్పుచేసో వ్యానెక్కించారు. నేను ఆ బడి వదిలే నాటికి పట్టీలో మిగిలినవి రెండు పల్లెలే. ఊరబావిలో చేద వేసే ధైర్యం మాకు వచ్చేసరికి వాళ్ల ఇళ్లల్లో బోర్లు పడ్డాయి. బడి సంగతీ అంతే అయింది. పిల్లలతోపాటు వాళ్ల నాయనల కన్ను కూడా బడి మీదనుంచి తొలిగింది. పైకప్పు కారినా, చేతిపంపు చెడిపోయినా సర్పంచిని నిలదీసేవాడు లేడు. తనిఖీకి వచ్చినాయన స్కూటరు దిగకుండానే సంతకం పెట్టిపోయిన రోజులున్నాయి. పంతుళ్లం మేం మాత్రం మారకుండా ఉంటామా? బస్సు చూసుకుని వచ్చి బస్సు చూసుకుని పొయ్యాం.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. మావాడు 1985లో, కారంచేడు జరిగిన ఏడాది పుట్టాడు. వాణ్ని చంకనేసుకుని మా ఆవిడా నేనూ చీరాల శిబిరానికి పొయ్యాం. నాలుగేళ్లు తిరక్కుండానే ఆ చంకలో పిల్లాడికి టై కట్టి కాన్వెంటుకి పంపాను. నా బడిలో ఏం జరుగుతుందో నాకు తెలుసు కాబట్టే పంపాను. పొద్దున వాడు వ్యానెక్కేవాడు, నేను బస్సెక్కి మా పిల్లలకు పాఠం చెప్పటానికి పొయ్యేవాణ్ని. 1992లో ఒకసారి పల్లెలో బడి మానేసిన పిల్లల కోసం ఇంటింటికీ తిరుగుతున్నా. నాటేసి వచ్చి కాళ్లు కడుక్కుంటున్న ఒకామె నేను చెప్పిందంతా విని, తల తుడుచుకుంటా అడిగింది:

"బాగానే చెబుతుండావన్నా. మీ పిల్లోడు యాడ చదువుతుండాడు?"

టౌన్లో అన్నాను. టౌన్లో యాడ అని అడగలేదు ఆమె. ఆ ఏడాది కాలి కడియాలు కుదవపెట్టి కొడుకుని కాన్వెంటులో వేసింది. రెండేళ్లు చదివాడు. ఫీజు కట్టలేదని పరీక్షరోజు బయట నిలబెట్టారు. మళ్లీ నా బడికి రాలేదు, గేదెల వెంట పొయ్యాడు. ఈ లెక్క ఏ పట్టీలోనూ లేదు.

మావాడికి ఇంగ్లీషు వచ్చింది. ఇప్పుడు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం. ఆ బడి ఇచ్చిందాన్ని నేను కాదనను. కానీ ఏడో తరగతిలో ఉండగా పేరెంట్స్ మీటింగు కాగితం నా చేతికిచ్చి, "అమ్మని తీసుకురావద్దు నాన్నా, నువ్వొక్కడివే రా" అన్నాడు. ఎందుకురా అంటే తల వంచుకున్నాడు. వాళ్లమ్మ మాట తీరు వాడికి నామోషీ అయింది. ఆ మాటే మా పల్లె మాట. మేం ఏ కులమని ఆ బడిలో ఎవరూ వాణ్ని అడగలేదట. అడుగుతారేమోనని పదేళ్లూ భయపడ్డాడు. మా ఆవిడ ఆ కాగితం చదివి మడిచి పప్పుడబ్బా కింద పెట్టింది. మీటింగుకి నేను కూడా పోలేదు.

దాంతో చిన్నదాన్ని 1998లో అయిదో తరగతి ప్రవేశపరీక్ష రాయించి గురుకులంలో వేశాను. సర్వేలులో 1971లో మొదలైన గురుకులం బాట 1987లో సాంఘిక సంక్షేమ గురుకులాల సొసైటీ దాకా వచ్చింది, మన పిల్లలు వేలల్లో దాంట్లో చదివారు. ఎవరెస్టెక్కిన మాలావత్ పూర్ణ కూడా ఆ బళ్ల నుంచి వచ్చిన పిల్లే. 2014లో ఎక్కేనాటికి ఆమెకు పదమూడేళ్లు. అదంతా గర్వంగానే చెబుతాం. మా అమ్మాయి నీళ్ల సాంబారూ గజ్జీ కూడా చెబుద్ది. ఇంకో మాట కూడా అంటది: "అక్కడ అందరం మనోళ్లమే నాన్నా. కులం పేరెత్తి కొట్టుకునేవాళ్లం, కలిసి తినేవాళ్లం. నర్సింగు కాలేజీలో పక్కమంచం పిల్ల తన గ్లాసు వేరే పెట్టుకున్నప్పుడు గానీ నాకు తెలవలేదు." నేను దాన్ని అవమానం నుంచి తప్పించానో, ఊరికి దూరంగా ఇంకో పల్లె కట్టించి అందులో పెట్టానో నాకు ఇప్పటికీ తేలదు.

చట్టాలు వస్తూనే ఉన్నాయి. 2010 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రైవేటు బళ్లలో నాలుగో వంతు సీట్లు పేదల పిల్లలకూ మన పిల్లలకూ ఇవ్వమంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సీట్లు నింపటం మొదలైంది 2022-23లో. అది రావటానికి పన్నెండేళ్లు పట్టింది, అంటే ఒక పిల్లాడి బడిచదువంతా. సర్కారు జీతగాళ్ల పిల్లలు సర్కారు బడికే పోవాలని 2015 ఆగస్టులో అలహాబాదు హైకోర్టు చెప్పింది. ఉత్తరప్రదేశ్‌లో దాన్ని ఎవరూ పాటించలేదు. ఆ తీర్పు పేపర్లో చదివి నేను నవ్వాను, తర్వాత సిగ్గనిపించింది. 2019 నవంబరులో ఆంధ్రా సర్కారు బళ్లలో ఇంగ్లీషు మీడియమని ఉత్తర్వు వచ్చినప్పుడు తెలుగు చచ్చిపోతుందని గోలచేసినవాళ్లలో ఎంతమంది మనవళ్లు తెలుగు బడిలో ఉన్నారో ఎవరన్నా పట్టీ తీస్తే బాగుండు. 2020 ఏప్రిల్లో హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. ఇంగ్లీషు మనకీ కావాలనే నేనన్నాను. నాలాగా తెలుగులో చదివి తెలుగులో చెప్పిన పంతులు రాత్రికి రాత్రి ఇంగ్లీషులో ఎట్టా చెబుతాడని అడిగితే మాత్రం నా దగ్గర జవాబు లేదు.

2023 జూన్లో మా అమ్మాయి తన కూతురి కోసం బళ్లు చూడబోతూ నన్ను తోడు రమ్మంది. తను గవర్నమెంటు ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు, ఫీజు కట్టలేక కాదు. ముందు ఒక ప్రైవేటు బడి చూశాం. గాజు తలుపులూ, చల్లగాలీ. రిసెప్షన్లో అమ్మాయి మా ఇంటిపేరు రెండుసార్లు అడిగింది. అక్కణ్నించి ఇంటికి దగ్గరున్న మున్సిపల్ బడికి పొయ్యాం. రంగులేసిన గోడలు, కొత్త బల్లలు, శుభ్రమైన మరుగుదొడ్డి. నా ఉద్యోగకాలంలో నేను చూడనివి. బల్ల మీద హాజరు పట్టీ తెరిచి ఉంటే పాత అలవాటు కొద్దీ ఇంటిపేర్లు చదువుతున్నా.

"పేర్లు తర్వాత చూద్దువుగాని నాన్నా," అంది మా అమ్మాయి. "ఒకటీ రెండు తరగతులకి కలిపి ఒక్క టీచరే ఉంది, చూశావా?"

చూశాను. ఆ టీచరమ్మ రెండు తరగతుల మధ్య నిలబడి ఒక చేత్తో ఒకళ్లకు లెక్క చూపిస్తా, రెండో చేత్తో ఇంకొకళ్లను కూర్చోమంటోంది. మా అమ్మాయి చాలాసేపు గుమ్మంలో నిలబడింది. తర్వాత దరఖాస్తు తీసుకుని, కులమన్న చోట నన్ను అడక్కుండానే రాసి, రెండో టీచరు ఎప్పుడొస్తుందని హెడ్మాస్టరుని అడగటానికి లోపలికి పోయింది. ఆమె బయటికి వచ్చేదాకా మనవరాలు నా చెయ్యి పట్టుకుని వరండాలో పిల్లల చెప్పులు లెక్కపెడుతోంది.