చందమామ మట్టిలో తెల్ల రవ్వలు

1970 జనవరి 5, సోమవారం. అమెరికాలోని హ్యూస్టన్ నగరం నడిబొడ్డున ఆల్బర్ట్ థామస్ కన్వెన్షన్ సెంటర్. మీరు దాని గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. లోపలికి వెళ్తున్నవాళ్ళను చూడండి: రాళ్ళు చదివేవాళ్ళు, రసాయన శాస్త్రవేత్తలు, భౌతిక శాస్త్రవేత్తలు, జీవశాస్త్రవేత్తలు. మామూలుగా ఒకరి సభలకు మరొకరు వెళ్ళని జనం. ఇవాళ వీళ్ళందరి సంచుల్లోనూ ఒకే చోటి కబుర్లున్నాయి.

ఆ చోటు ప్రశాంత సాగరం. పేరుకే సాగరం, చందమామ మీద నల్లగా కనబడే ఒక మైదానం. పోయిన జులైలో ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ అక్కడ దిగి, 21.5 కిలోల రాళ్ళూ మట్టీ తెచ్చారు. ఏ క్రిమో అంటుకుని వస్తుందేమోనన్న భయంతో వాటిని ముందు ఈ ఊళ్ళోనే గట్టి కాపలాలో పెట్టారు. సెప్టెంబరులో 140కి పైగా పరిశోధక బృందాలకు పంచారు. పంచేటప్పుడు ఒక షరతు: ఈ సమావేశం దాకా ఎవరూ తమ ఫలితాలు బయటపెట్టకూడదు. కొత్త సంగతి తెలిశాక నోరు కట్టేసుకోవడం పరిశోధకులకు చిన్న శిక్ష కాదు. నాలుగు నెలలు అనుభవించారు. ఇవాళ విడుదల.

లోపలికి రండి. దీపాలు ఆర్పుతున్నారు, తెర మీద స్లైడు పడుతోంది. ఒక్కొక్కరికీ దొరికేది కొద్ది నిమిషాలే. చెప్పాల్సింది చెప్పి దిగిపోవాలి, వెనక ఇంకొకరు కాచుకుని ఉన్నారు. నీటి జాడ లేదంటారు ఒకరు, ఖనిజాల్లో ఇమిడి ఉండే తేమ కూడా లేదట. జీవం ఆనవాలు లేదంటారు మరొకరు. నల్ల రాళ్ళు బసాల్ట్‌లనీ, అంటే ఒకప్పటి లావా అనీ, వాటిలో టైటానియం విపరీతంగా ఉందనీ చాలామంది చెబుతున్నారు. ఒక కొత్త ఖనిజం దొరికింది, పేరు ఆర్మాల్కొలైట్. ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్, వాళ్ళతో వెళ్ళిన కాలిన్స్, ఈ ముగ్గురి పేర్లలోంచీ తలా కొన్ని అక్షరాలు తీసి పెట్టారు.

ఇక వయసు లెక్కలు. కాల్‌టెక్ నుంచి జెరాల్డ్ వాసర్‌బర్గ్ బృందం వచ్చింది. తమ ప్రయోగశాలకు వాళ్ళు పెట్టుకున్న పేరు 'లూనాటిక్ అసైలం', చంద్రపిచ్చి ఆసుపత్రి. లెక్కలు మాత్రం మహా కచ్చితం: బసాల్ట్ వయసు సుమారు 365 కోట్ల ఏళ్ళు. మట్టి లెక్క తీస్తే 460 కోట్ల ఏళ్ళ దగ్గరికి పోతోంది. ఇదెక్కడి చోద్యం? రాయి నలిగితేనే కదా మట్టి అయ్యేది, రాయికన్నా మట్టి ముందు ఎలా పుడుతుంది? మట్టిలో మరేదో కలిసి ఉండాలి.

అలా మట్టిలో కలిసినవాటిలో ఒకదాని సంగతి జాన్ ఉడ్ దగ్గరుంది. స్మిత్సోనియన్ ఖగోళ భౌతిక పరిశోధనాలయం మనిషి, వయసు ముప్ఫై ఏడు. చాలామంది రాళ్ళ మీద పడితే ఆయన, ఉర్సులా మార్విన్, మిగతా సహచరులు మట్టిని పట్టుకున్నారు. ఒక్కసారి వాళ్ళ బల్ల మీదికి వంగి చూడండి. బూడిదరంగు మట్టిలోంచి ముతక రవ్వలను వేరుచేశారు, ఒక్కోటి మిల్లీమీటరు అటూ ఇటూ. వాటిని జిగురులో పోతపోసి, గట్టిపడ్డాక అరగదీశారు. వెలుగు అటునుంచి ఇటు దూరేటంత పలచన అయ్యేదాకా అరగదీయాలి, అంటే మిల్లీమీటరులో మూడు వందోవంతులు. అప్పుడు మైక్రోస్కోపు కింద పెట్టారు.

ఎక్కువ భాగం నల్లని బసాల్ట్ ముక్కలు, గాజు పూసలు, ఉల్కల దెబ్బకు అతుక్కుపోయిన మట్టి గడ్డలు. వాటి మధ్య నూటికి ఏ నాలుగైదో తెల్లగా ఉన్నాయి. ఆ తెల్లనివి దాదాపు మొత్తం ప్లాజియోక్లేజ్ అనే ఒక్క ఖనిజమే. అలాంటి రాయిని అనార్థొసైట్ అంటారు. మన ఖమ్మం ప్రాంతంలో చీమల్‌పహాడ్ దగ్గరా ఉంది. కానీ లావా మైదానంలో దీనికేం పని?

ఇది ఈ ఊరిది కాదు, అన్నారు ఉడ్. దూరాన తెల్లగా కనబడే ఎత్తైన నేలల మీద ఉల్కలు పడ్డప్పుడు ఎగిరొచ్చి ఇక్కడ పడ్డ ముక్కలివి. సాక్ష్యం కూడా చూపించారు. 1968 జనవరిలో సర్వేయర్-7 నౌక ఆ ఎత్తైన నేలల మీది టైకో బిలం దగ్గర దిగి, ఆల్ఫా కణాలతో నేలను పరీక్షించి పంపిన లెక్కలు ఈ రవ్వలతో సరిపోతున్నాయి. అంటే చందమామ తెల్లని భాగమంతా ఈ రాయే కావచ్చు.

ఒకే ఖనిజంతో అంత పెద్ద పెంకు ఎలా తయారైంది? ఉడ్ జవాబు: పుట్టిన కొత్తలో చందమామ పైభాగమంతా కరిగిన శిల. అది చల్లారేటప్పుడు బరువైన ఖనిజాలు అడుక్కి దిగితే, తేలికైన ప్లాజియోక్లేజ్ పాల మీద మీగడలా పైకి తేలి గడ్డకట్టింది. షికాగో నుంచి వచ్చిన జోసెఫ్ స్మిత్ బృందం వేరే దారిలో ఇదే మాటకు చేరింది. నోబెల్ గ్రహీత హెరాల్డ్ యూరీ ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చింది దీనికి పూర్తిగా ఎదురు: చందమామ పుట్టినప్పటినుంచీ చల్లని ముద్దేనని. మిల్లీమీటరు రవ్వల సాక్ష్యంతో ఒక గోళాన్నే కరిగించేస్తున్నారు. హాల్లో కూర్చున్న మీకు ఎంతవరకూ నమ్మబుద్ధి అవుతుంది?

8వ తేదీతో సభ ముగిసింది. జనవరి 30న 'సైన్స్' పత్రిక ఈ పరిశోధనలన్నిటితో ప్రత్యేక సంచిక వేసింది. ఆ సభే లూనార్ అండ్ ప్లానెటరీ సైన్స్ కాన్ఫరెన్స్‌గా ఇప్పటికీ హ్యూస్టన్ పక్కనే నడుస్తోంది.

ఉడ్ మాటకు పరీక్ష మన తీరం నుంచి కూడా వెళ్ళింది. 2023 జులై 14న శ్రీహరికోటలో బయల్దేరిన చంద్రయాన్-3, ఆగస్టు 23న దక్షిణ ధ్రువం వైపు 69 డిగ్రీల దగ్గర దిగింది. అంత దక్షిణాన అంతకుముందు ఎవరూ నేలను ముట్టుకుని పరీక్షించలేదు. ప్రజ్ఞాన్ రోవర్ 103 మీటర్లు నడిచి, 23 చోట్ల ఆల్ఫా కణాల పరికరంతోనే మట్టిని చదివింది. అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ శాస్త్రవేత్తలు 2024 ఆగస్టులో 'నేచర్' పత్రికలో ఫలితం ప్రకటించారు: అక్కడి మట్టిలో ప్రధానంగా ఉన్నది అనార్థొసైట్ జాతి రాయే. కరిగిన శిలాసముద్రం మాట మరోసారి నిలబడింది.

2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం చంద్రయాన్-4కు ఆమోదం తెలిపింది. ఈసారి మట్టి మన చేతికే వస్తుంది. 1970 నాటి హ్యూస్టన్ సభ నేర్పింది ఒకటే: తెచ్చిన మట్టిని ఒక్క గదిలో దాచకుండా పదిమందికీ పంచాలి, పంచుకున్నవాళ్ళందరినీ ఒకే హాల్లో కూర్చోబెట్టి మాట్లాడించాలి. మన మట్టి వచ్చిన రోజున మన విశ్వవిద్యాలయాల వాటా ఎంతో అడగడం మన బాధ్యత.