విమానాశ్రయములో బూట్లు విప్పుట: ఒక నియమము చరిత్ర

హైదరాబాదునకు ఉత్తరమున, నాగపూరు పోవు రహదారిపైనున్న సుచిత్ర ప్రాంతమువారికి ఒకప్పుడు విమానాశ్రయము చాల చేరువ. బోయినపల్లి మీదుగా బేగంపేటకు పోయిన చాలును. 2008 మార్చి 23 నుండి ప్రయాణికుల విమానములు శంషాబాదునకు తరలిపోయినవి. ఇప్పుడు నగరమును అడ్డముగా దాటియో, మేడ్చలు వైపు కండ్లకోయ వద్ద ఔటరు రింగు రోడ్డు ఎక్కియో పోవలయును. అమెరికాలోనున్న కొడుకునో కూతురునో చూడబోవు పెద్దలకు ఈ దూరముతోపాటు మరియొక క్రొత్త అనుభవము చాలకాలము ఎదురగుచుండెను. అమెరికా విమానాశ్రయములలో భద్రతా తనిఖీ వద్ద బూట్లు విప్పి, వానిని పెట్టెలతోపాటు యంత్రములోనికి పంపి, వట్టి కాళ్ళతో ద్వారము దాటవలసివచ్చెడిది.

మన యిండ్లలో గడప దాటునపుడు చెప్పులు విడుచుట ఆచారము. దానికి కారణమడుగువారుండరు. విమానాశ్రయములో విడుచుట ఆచారము కాదు. అది భద్రతకు సాధనమని చెప్పబడినది. సాధనమన్నచో, అది దేనిని పట్టుకొనుటకు ఉద్దేశింపబడినది, పట్టుకొనగలదా, దానికి మనము చెల్లించు మూల్యమెంత అని అడుగవలయును. ఈ ప్రశ్నలకు సమాధానము ఆ నియమపు చరిత్రలోనే ఉన్నది.

తొలి దినములలో విమానమెక్కువారిని సోదాచేయు పద్ధతి లేదు. 1960ల చివర విమానములను దారి మళ్ళించుట పెచ్చుపెరుగగా, 1973 జనవరిలో అమెరికా ప్రయాణికులందరిని తనిఖీ చేయసాగినది. మన దేశములో 1971 జనవరి 30న ‘గంగ’ అను విమానమును ఇద్దరు యువకులు లాహోరునకు మళ్ళించిరి. వారి చేతిలోనివి బొమ్మ తుపాకి, కొయ్య గ్రెనేడు అని పిదప తేలినది. 1976 సెప్టెంబరులో మరియొక విమానము లాహోరునకు మళ్ళింపబడగా, ఒక విచారణ సంఘము నియమింపబడెను. దాని సిఫారసు ననుసరించి 1978లో పౌర విమానయాన భద్రతా విభాగము ఏర్పడినది. 1985 జూన్ 23న ‘కనిష్క’ విమానము ఐర్లండు సమీపమున సముద్రముపై ప్రేలి, 329 మంది మరణించిరి. ప్రయాణికుడు ఎక్కకుండ అతని పెట్టె మాత్రము ఎక్కినందుననే అది జరిగినది. 1987లో భద్రతా విభాగము స్వతంత్ర శాఖ అయినది. 1999 డిసెంబరులో ఖాట్మండు నుండి వచ్చుచున్న విమానము కాందహారునకు మళ్ళింపబడిన తరువాత, 2000లో జయపూరుతో మొదలిడి విమానాశ్రయముల కాపలా కేంద్ర పారిశ్రామిక భద్రతా దళమునకు అప్పగింపబడినది. శంషాబాదులోను వారే ఉన్నారు.

ఈ వరుసను పరికించినచో ఒక సంగతి తెలియును. ప్రతి నియమము ఒక దుర్ఘటన వెనుక వచ్చినది. అందువలన ప్రతి నియమము గడచిన అపాయమునే చూచును. బూట్ల నియమమును అట్టిదే.

2001 డిసెంబరు 21న పారిస్ విమానాశ్రయములో రిచర్డ్ రీడ్ అను బ్రిటిషు పౌరుని తీరు అనుమానాస్పదముగా నుండుటచే పోలీసులు అతనిని ప్రశ్నించిరి. ఆ ప్రశ్నలతో అతని విమానము తప్పిపోయినది. కాని పట్టుకొనుటకు తగిన ఆధారము దొరకలేదు. మరునాడు అతడు మయామి పోవు విమానమెక్కెను. అట్లాంటిక్ సముద్రముపై అగ్గిపుల్ల వాసన వచ్చి పరిచారిక చూడగా, అతడు తన బూటును అంటించుటకు యత్నించుచుండెను. పరిచారికలు, ప్రయాణికులు కలిసి అతనిని లొంగదీసి కట్టివేసిరి. విమానము బోస్టనులో సురక్షితముగా దిగినది. బూట్ల అడుగున సుమారు 280 గ్రాముల ప్రేలుడు పదార్థముండెను. అందు ముఖ్యమైనది పెంటాఎరిత్రిటాల్ టెట్రానైట్రేట్. 2003 జనవరిలో రీడ్‌కు యావజ్జీవ కారాగారశిక్ష విధింపబడినది.

ఆ బూట్లు తనిఖీలో ఏల బయటపడలేదు? లోహశోధక ద్వారములో తీగచుట్టలుండును. వానిలో మారుచుండు విద్యుత్ ప్రవాహము చుట్టును మారుచుండు అయస్కాంత క్షేత్రమును కల్పించును. ఆ క్షేత్రములోనికి లోహపు వస్తువు వచ్చినచో అందు సుడి ప్రవాహములు పుట్టును; వాని క్షేత్రమును యంత్రము గుర్తించి గంట మ్రోగించును. ఇది ఫారడే సూత్రమే. ఉన్నత పాఠశాల విద్యార్థికి తెలిసినదే. కాని ప్రేలుడు పదార్థము విద్యుద్వాహకము కాదు. సుడి ప్రవాహములు పుట్టవు; గంట మ్రోగదు. మరియొక వైపు, పాదమునకు ఊతగా ఉక్కు పట్టీ అమర్చిన నిరపాయమైన బూటునకు గంట మ్రోగును. తుపాకిని, కత్తిని పట్టుటకు పుట్టిన యంత్రమును మరియొక పనికి ఉపయోగింపబోయినందున వచ్చిన లోపమిది.

రీడ్ ఉదంతము జరిగిన వెంటనే అమెరికాలో అందరును బూట్లు విప్పవలయునను కట్టడి రాలేదు. విమానములలో ద్రవరూప ప్రేలుడు పదార్థములు వాడవలెనను కుట్ర లండనులో బయటపడిన 2006 ఆగస్టులో, 10వ తేదీ నుండి, ఆ నియమము తప్పనిసరి చేయబడినది.

ఇందుకు అనుకూలమైన వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. అపాయము కల్పితము కాదు. రీడ్ వలెనే బూటు బాంబు పొంది, చివరకు వెనుదీసిన మరియొక యువకుడు 2003లో ఇంగ్లండులో పట్టుబడెను. విప్పిన బూటును ఎక్స్-కిరణ యంత్రములో పంపినచో, అడుగున అసాధారణమైన మందము, గుల్ల, తీగ మొదలైనవి కనబడవచ్చును. పట్టుబడుదునను భయముతో దుండగుడు ఆ మార్గమునే విడువవచ్చును. బాంబు దొరకలేదు కాబట్టి నియమము వ్యర్థమనుట తర్కము కాదు. తాళము వేసిన యింట దొంగ పడలేదు కాబట్టి తాళము వ్యర్థమని ఎవ్వరు అనరు.

ఐనను ఈ ఉపమానమునకు ఒక హద్దున్నది. ఒక తలుపునకు తాళము వేసి, ప్రక్క కిటికీ తెరచియుంచినచో ఫలమేమి? 2009 డిసెంబరు 25న ఆమ్‌స్టర్‌డాం నుండి డెట్రాయిట్ పోవు విమానములో ఒక యువకుడు అదే పదార్థమును బూటులో గాక లోదుస్తులలో దాచి తెచ్చెను. అతనిని ఆపినవారు మరల తోడి ప్రయాణికులే. అపాయము బూటులో లేదు, పదార్థములో ఉన్నదని ఈ సంఘటన స్పష్టము చేసినది.

ఇక మూల్యము. అమెరికాలో దినమునకు 20 లక్షలకు పైగా ప్రయాణికులు తనిఖీ దాటుదురు. ఒక్కొక్కరికి బూట్లు విప్పి తొడుగుకొనుటకు 20 సెకండ్లు అదనముగా పట్టినదనుకొందము. 20 లక్షల మందికి 4 కోట్ల సెకండ్లు, అనగా సుమారు 11,100 గంటలు. ఒక్క దినములో ఒక సంవత్సరమునకు మించిన మానవ కాలము. మోకాళ్ళ నొప్పుల వృద్ధులకు ఇది అంకెలతో తీరు లెక్క కాదు. 2012లో 75 ఏండ్లు దాటినవారికి సడలింపు ఇచ్చిరి.

మరియొక లెక్క విద్యార్థులు వేయదగినది. 10 లక్షల మందిలో ఒక్కడే దుండగుడనుకొందము. తనిఖీ నూటికి 99 పాళ్ళు దోషిని పట్టును; నిర్దోషులలో నూటికి ఒక్కరిని మాత్రమే పొరపాటున అనుమానించును. అప్పుడు సుమారు 10,000 మంది నిర్దోషులపై గంట మ్రోగును. వారిలో నిజమైనవాడు ఒక్కడు. మంచి తనిఖీయే ఇట్లుండగా, లోపభూయిష్టమైన తనిఖీ గురించి చెప్పనేల? పదివేల పర్యాయములు వృథాగా మ్రోగిన గంటను వినువాడు తరువాతిదానిని శ్రద్ధగా వినుట కష్టము. భద్రతా నిపుణుడు బ్రూస్ ష్నైయర్ 2003లో, రక్షణ కలిగింపక రక్షణ భావమును మాత్రము కలిగించు ఏర్పాట్లకు ‘భద్రతా నాటకము’ అని పేరుపెట్టెను.

నాటకమును వీడుటకు మార్గము పదార్థమును గుర్తించు యంత్రములే. రెండు శక్తుల ఎక్స్-కిరణములను వాడి, తేలిక పరమాణువుల వస్తువులను నారింజ రంగున, లోహములను నీలి రంగున వేరుగా చూపవచ్చును. చేతిని, సంచిని గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను వేడిచేసి, వచ్చిన ఆవిరిని అయానులుగా మార్చి, అవి ఒక గొట్టమును దాటుటకు పట్టిన కాలమును కొలిచి పదార్థమును పోల్చవచ్చును. రీడ్ వాడిన పదార్థము మిక్కిలి అల్పముగా ఆవిరియగును. కనుక వాసనకై వెదకుటకంటె తుడిచి చూచుట మేలు.

ఇందు హైదరాబాదునకు భాగమున్నది. 1967లో డాక్టరు ఎ.ఎస్. రావుగారి నాయకత్వమున స్థాపింపబడిన ఈసీఐఎల్ సంస్థ, ఒక విదేశీ సంస్థతో కలిసి, సామానులను పరీక్షించు ఎక్స్-కిరణ యంత్రముల నిర్మాణమును ఇచ్చట చేపట్టినది. గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయములో 2005లో రక్షణ పరిశోధన సంస్థ తోడ్పాటుతో ఏర్పడిన అధికశక్తి పదార్థముల కేంద్రములో, లేజరు కాంతితో ప్రేలుడు పదార్థములను గుర్తించు పద్ధతులపై పరిశోధన జరిగినది.

2025 జూలై 8న అమెరికా ప్రభుత్వము, తనిఖీ యంత్రములు మెరుగుపడినవని, రక్షణ ఇప్పుడు అనేక అంచెలుగా ఉన్నదని చెప్పి, అందరును బూట్లు విప్పవలయునను నియమమును ఎత్తివేసినది. అనుమానము కలిగినప్పుడు మాత్రము విప్పమని అడుగవచ్చును. నియమము సుమారు 19 ఏండ్లు నడచినది.

కనుక బూట్లు విప్పుట ప్రయోజనకరమా? విప్పుట తనంతట తాను పరీక్ష కాదు. విప్పిన బూటును చూచు యంత్రము, చూచు మనిషి పరీక్ష. తగిన యంత్రము లేని కాలమున అది ఒక తాత్కాలికమైన అతుకుగా సమంజసమే. అతుకు వేసినవారు దానిని మరల ఎప్పుడు పరిశీలింతుమో నిర్ణయింపకపోవుట లోపము. 2001 డిసెంబరులో పారిస్ పోలీసుల అనుమానము సరియైనది. దానిని నిర్ధారించు పరికరము వారి చేతిలో లేదు. ఆ పరికరమును వారి చేతికి అందించుటయే విజ్ఞానశాస్త్రము చేయవలసిన పని. కోట్లమంది చేత బూట్లు విప్పించుట ఆ పనికి బదులు కాజాలదు.