రీలు మారేలోపు మాటలు

పదహారు ఎం.ఎం. ప్రొజెక్టరుకి ఎక్కించే పెద్ద రీలు 1,600 అడుగులుంటుంది. నిమిషానికి 36 అడుగుల చొప్పున పరుగెడితే 44 నిమిషాల్లో అయిపోతుంది. రెండున్నర గంటల సినిమాకి నాలుగు రీళ్లు కావాలి. ప్రొజెక్టరు ఒక్కటే ఉంటే మూడుసార్లు ఆట ఆగక తప్పదు. నర్సీపట్నం చుట్టుపక్కల పల్లెల్లో రెండు గెడలకు తెల్లదుప్పటి కట్టి వేసిన క్రీస్తు సినిమా ‘కరుణామయుడు’ చూసినవాళ్లకి సినిమా ఎంత గుర్తుందో, ఆ ఆగడం కూడా అంతే గుర్తుంటుంది. దూరంగా జనరేటరు రొద, దుప్పటి మీద ఖాళీ వెలుతురు, ఆ వెలుతురులో ఎగిరే పురుగులు. ఆపరేటరు అయిపోయిన రీలు విప్పి కొత్తది తొడిగి, ఫిల్ము పళ్లచక్రాల్లో సరిగ్గా కూర్చుందో లేదో వేలితో తడిమి చూసుకునే ఆ నాలుగైదు నిమిషాలూ జనానివే.

క్రీస్తుని సిలువకి అప్పగించిన అధికారి పిలాతు చేతులు కడుక్కునే ఘట్టం అయ్యాక వచ్చిన అలాంటి ఒక ఆగుడులో, నా చిన్నప్పుడు, మా ముందు వరసలో గోనెసంచి పరుచుకు కూర్చున్న ఒక మామ్మ వెనక్కి తిరిగి పాస్టరు గారిని అడిగింది: “అయ్యగారూ, ఆ పిలాతు సేతులు కడిగేసుకున్నాడు గదా, మరి పాపం పోయిందేటి?” అయ్యగారు నోరు తెరిచేలోపే లైటు ఆరి బొమ్మ మొదలైంది. ఇంటికి నడిచినంత దూరమూ మా వాళ్లు ఆ ఒక్క మాట మీదే తగువులాడుకున్నారు. పోయిందన్నవాళ్లున్నారు, పోలేదన్నవాళ్లున్నారు. ఒకాయనైతే పంచాయితీ తీర్పులు చెప్పే పెద్దలందరి సంగతీ ఎత్తాడు. ఆ ఆదివారం ఆరాధనలో విన్న ప్రసంగం నాకిప్పుడు ఒక్క ముక్కా గుర్తు లేదు. మామ్మ ప్రశ్న గుర్తుంది.

సినిమాతో, టీవీతో, ఫోనుతో విశ్వాసం గురించి పదిమంది కూర్చుని మాట్లాడుకోవడమన్నది ఈ ప్రాంతంలో ఎలా నడిచిందో వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా నా కళ్లు ఆ ఆగుడు దగ్గరే నిలబడిపోతాయి.

కథ మధ్యలో ఆగి మాట్లాడుకోవడం మనకి కొత్తేమీ కాదు. బుర్రకథ చూడండి. నడుమ తంబురా పట్టిన కథకుడు, అటూ ఇటూ డక్కీలతో ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. వాళ్ల పని తాళం వేయడమొక్కటే కాదు, కథకి అడ్డుతగలడం కూడా. కథ వేడి మీదుండగా ‘అదెలాగ కుదిరింది?’ అని అడగడానికి వేదిక మీదే ఒక మనిషిని నిలబెట్టిన కళ అది. హరికథలో దాసుగారు అసలు కథ ఆపి పిట్టకథలోకి దిగేదీ అందుకే. విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు గారు ఆ కళని శిఖరానికి తీసుకెళ్లారు. రాత్రి విన్న ఘట్టం మీద పొద్దున్న అరుగుల మీద చర్చ నడిచేది. దైవం గురించి జనం మాట్లాడుకున్న మొదటి చిన్న కూడికలు ఆ అరుగులే అనుకుంటాను నేను.

క్రైస్తవ మిషన్లు వచ్చాక బుర్రకథలోకి బైబిలు కథలూ చేరాయి. 1874లో జాన్ మెక్‌లారిన్ కాకినాడలో కెనడియన్ బాప్టిస్టు మిషన్ పని మొదలుపెట్టిన తర్వాత ఉత్తర సర్కారు జిల్లాల్లో ఆ సంఘాలు విస్తరించాయి. మన దేశంలో చాలాచోట్ల మిషనరీలు గాజుపలకల మీది బొమ్మల్ని మేజిక్ లాంతరు వెలుగులో గోడమీద చూపించి కథ చెప్పేవారు. ఆ లాంతరులో ఒక మేలుంది: పలక మార్చేది మనిషి. ఎదటివాళ్ల మొహం చూసి, అర్థం కానిచోట ఆగేవాడు.

రీలు మారేచోట తప్ప, సినిమా ఆ ఆగడాన్ని మింగేసింది. అయితే మన దేశపు సినిమా పుట్టిందే ఒక భక్తి చిత్రం చూసిన మనసులోంచి. 1910లో బొంబాయిలో క్రీస్తు జీవితం మీద తీసిన మూకీ చూస్తూ దాదాసాహెబ్ ఫాల్కే తెరమీద రాముణ్ణీ కృష్ణుణ్ణీ ఊహించుకున్నారు. మూడేళ్లకి ‘రాజా హరిశ్చంద్ర’ వచ్చింది. ఒక మతం బొమ్మ చూసినవాడికి తన మతం గుర్తుకు రావడమన్నది చిన్న విషయం కాదు. కూడికల్లో సినిమా వేసే ప్రతివాళ్లూ ఈ సంగతి మనసులో పెట్టుకోవాలని నా కోరిక. మనం చూపించేదొకటి, ఎదటివాడు చూసేది ఇంకొకటి.

తెలుగు టాకీ కూడా భక్తితోనే మాట నేర్చింది: 1932లో హెచ్.ఎం. రెడ్డి ‘భక్త ప్రహ్లాద’. తర్వాత నాగయ్య గారి పోతన, త్యాగయ్య, వేమన. ఈ వరసలో నేను ఎక్కువసేపు ఆగేది మాత్రం రెండు సినిమాల దగ్గర, అవి భక్తి సినిమాలు కావు. 1938లో గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’లో గుడి తలుపు ఎవరికి తెరవాలన్న ప్రశ్న తెరకెక్కింది. 1955లో ఎల్.వి. ప్రసాద్ ‘మిస్సమ్మ’లో సావిత్రి వేసిన మేరీ, ఉద్యోగం కోసం హిందూ గృహిణిగా నటించాల్సి వచ్చి, తన విశ్వాసాన్ని వదులుకోలేక పడే అవస్థ నవ్వుల మధ్యనే ఉంది. చివర్లో ఆమె, ఉద్యోగమిచ్చిన ఇంటివాళ్లకి తప్పిపోయిన కూతురు మహాలక్ష్మే అని తేలుతుంది. మరి అప్పటిదాకా ఆమె చేసిన ప్రార్థనల మాటేమిటి? ఈ ప్రశ్న ఒక కుటుంబ కూడికలో వేసి చూడండి. రాత్రి భోజనాల వేళ దాటిపోతుంది.

మా క్రైస్తవుల ఇళ్లలో మాత్రం చాలాకాలం సినిమా అంటే పాపమే. హాలుకెళ్లిన కుర్రాణ్ణి సండే స్కూల్లో నిలబెట్టేవారు. ఆ రోజుల్లోనే ప్రపంచంలో ఇంకోచోట వేరే ఆలోచన నడిచింది. రోమన్ కథోలిక సంఘం 1936లోనే సినిమా మీద ఒక విశ్వలేఖ వెలువరించింది. 1963 డిసెంబరులో రెండో వాటికన్ మహాసభ ప్రసార సాధనాల మీద ప్రత్యేక డిక్రీ జారీ చేసింది. 1970లో గాస్తన్ రోబెర్జ్ అనే జెస్యూట్ గురువు కలకత్తాలో ‘చిత్రబాణి’ని స్థాపించి, సినిమాని ఎలా చూడాలో, చూసి ఎలా మాట్లాడాలో నేర్పడం మొదలుపెట్టారు. చూడొద్దని చెప్పడం తేలిక. చూసి మాట్లాడమనడానికి ఓపిక కావాలి. ఆ ఓపిక మా వైపు చేరడానికి ఇంకా సమయం పట్టింది.

1974లో కృష్ణ ‘అల్లూరి సీతారామరాజు’ వచ్చింది. ఇది మా సినిమా. మా వైపు చింతపల్లి అడవుల్లో తీశారు. నర్సీపట్నం నుంచి కృష్ణదేవిపేట వెళ్తే సీతారామరాజు సమాధి ఉంది. ఈ సినిమా చూసి మన్యం వీరుడని చప్పట్లు కొట్టడం అందరూ చేస్తారు. కానీ కాషాయం కట్టి తపస్సు చేసుకున్న మనిషి 1922 ఆగస్టులో చింతపల్లి పోలీస్ స్టేషన్ మీదికి వెళ్లి తుపాకులెందుకు పట్టుకెళ్లాడు? భక్తుడు ఆయుధం పట్టొచ్చా? ఏ మతం వాళ్లైనా కూర్చుని తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇది. అదీ మన గడప ముందే ఉంది.

అదే కృష్ణ 2004లో ‘శాంతి సందేశం’లో ఏసుక్రీస్తుగా కనిపించారు. తెలుగు తెర మీద ఈ ముఖాల ప్రయాణం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. 1978లో ‘కరుణామయుడు’లో క్రీస్తైన విజయచందర్ 1986లో షిర్డీ సాయిబాబా అయ్యారు. ఒక ఇంట్లో సిలువ పక్కన, ఇంకో ఇంట్లో దీపం పక్కన ఆ ఒక్క ముఖమే. కొందరు పాస్టర్లకి ఇది ఇబ్బందిగా ఉండేది. నాకు మాత్రం ఇరుగుపొరుగు ఇద్దరు ఒకే అరుగు మీద కూర్చోడానికి ఇంతకంటే మంచి సాకు కనిపించదు.

‘కరుణామయుడు’ గురించి ఇంకొంచెం చెప్పాలి. దర్శకుడు ఎ. భీంసింగ్ సినిమా విడుదలకాకముందే, ఆ ఏడాది జనవరిలోనే కన్నుమూశారు. క్రీస్తు తెలుగు మాట్లాడటం ఒక్కటే కాదు, తెలుగు పౌరాణికంలో దేవుడు ఎలా నడుస్తాడో అలా నడిచాడు. సిలువ మోసే ఘట్టంలో మోదుకూరి జాన్సన్ రాసిన పాటని ఎస్.పి. బాలు పాడగా విని కన్నీరు పెట్టనివాళ్లు తక్కువ. డేస్ప్రింగ్ ఇంటర్నేషనల్ అనే అమెరికా సంస్థ దీన్ని ‘దయాసాగర్’ పేరుతో హిందీలోకీ, తర్వాత ఇతర భాషల్లోకీ తెచ్చి, బృందాల్ని పెట్టి పల్లెల్లో చూపించింది. దాదాపు అదే కాలంలో, 1979లో, లూకా సువార్త ఆధారంగా తీసిన ‘జీసస్’ చిత్రం తర్వాత రెండు వేలకు పైగా భాషల్లోకి వెళ్లింది. రెండూ ఊరూరా ఆడాయి. మా వైపు జనం గుండెలో పెట్టుకున్నది మాత్రం విజయచందర్‌నే.

ఆ ప్రదర్శనల్లో తప్పు కూడా జరిగింది. సినిమా అవగానే మైకు పట్టుకుని చేతులెత్తమని అడిగేవారు. ఏడుపు ఆరని జనం చేతులెత్తారు. ఎత్తినవాళ్లని లెక్కపెట్టుకున్నారు, వాళ్లతో మాట్లాడినవాళ్లు కొద్దిమందే. మర్నాడు జీపు ఇంకో ఊరు వెళ్లిపోయేది. ఏజెన్సీ పల్లెల్లో కువి భాష మాట్లాడేవాళ్లకి తెలుగు డైలాగు సగమే అందేది. వాళ్ల భాషలో అడిగి, వాళ్లు చెప్పింది వినడానికి ఎవరూ మిగిలేవారు కాదు. ఇది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

1987 జనవరిలో దూరదర్శన్‌లో ‘రామాయణ్’ మొదలైంది. టీవీ ఉన్న ఇల్లే ఆదివారం పొద్దున్న గుడైంది. హిందీ రాకపోయినా చూశారు, వచ్చినవాళ్లు పక్కవాళ్లకి చెప్పారు. ఆ చెప్పడంలో చర్చ పుట్టింది. అనువదించేవాడు తన అభిప్రాయం కలపకుండా ఉండలేడు కదా. తర్వాత భక్తి ఛానెళ్లు వచ్చాయి: 2007లో భక్తి టీవీ, 2008లో ఎస్వీబీసీ, ఇటు క్రైస్తవ ఛానెళ్లు. ఇవన్నీ రోజంతా చెబుతూనే ఉంటాయి. అడగడానికి చోటివ్వవు.

2006 జూన్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, క్రైస్తవ నమ్మకాల్ని ప్రశ్నించే హాలీవుడ్ సినిమా ‘ద డావిన్సీ కోడ్’ని నిషేధించింది. అదే నెలలో హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. మనసు నొచ్చుకున్నవాళ్ల బాధ నిజమే, నేనూ నొచ్చుకున్నాను. కానీ సువార్తలు ఎన్ని, వాటిని ఎవరు ఎప్పుడు ఎంచారు అని మా యువకులు మొదటిసారి తమంతట తాము అడిగిన వారాలవి. జవాబు తెలిసిన పెద్దలు వాళ్లతో కూర్చోవలసింది. ఊరేగింపులకి వెళ్లారు.

2018లో విశాఖ కంచరపాలెంలో తీసిన ‘కేరాఫ్ కంచరపాలెం’ని కొన్ని కూడికల్లో ముక్కలుగా చూపించి మాట్లాడటం నేను చూశాను. కోపంలో వినాయకుడి విగ్రహాన్ని పగలగొట్టిన సుందరం, చర్చికెళ్లే జోసెఫ్, ముస్లిం అమ్మాయిని ప్రేమించిన గడ్డం, ఏ గుడికీ వెళ్లని నలభై తొమ్మిదేళ్ల రాజు. నలుగురూ ఒక్కడే అని చివర్న తెలిసినప్పుడు గదిలో నిశ్శబ్దం పడింది. “అయితే ఆడు దేవుణ్ణి మార్చాడా, దేవుడే ఆణ్ణి మార్చాడా?” అని ఒక ఆటో డ్రైవరు అడిగాడు. భక్తి సినిమా అయితే ఆ ప్రశ్న రాదు. అందుకే కూడికకి సినిమా ఎంచేవాళ్లకి నేను చెప్పేది: దేవుడి పేరు పెట్టుకుని వచ్చే సినిమాలకంటే దేవుడు లేనట్టు కనిపించేవి వెతకండి. ‘ఆ నలుగురు’ చూపించండి. చావు గురించి మాట్లాడని మనిషి కూడా మాట్లాడతాడు.

ఇప్పుడు రీలంటే 1,600 అడుగులు కాదు, ఫోనులో ఒక చిన్న వీడియో. 2020 లాక్‌డౌన్‌లో కూడికలు వాట్సాప్‌లోకి వెళ్లి, సగం అక్కడే ఉండిపోయాయి. క్రీస్తు కథతో వచ్చిన ‘ద చోజెన్’ సిరీస్‌ని తెలుగు మాటలతో ఎవరికివారు చెవుల్లో పెట్టుకుని చూస్తున్నారు. 2025లో ‘మహావతార్ నరసింహ’కి ఇంటిల్లిపాదీ హాళ్లకి కదిలారు. 1932లో మొదలైన ప్రహ్లాదుడే మళ్లీ. చూసేవాళ్లు పెరిగారు. ఒకే గదిలో చూసేవాళ్లు తగ్గారు.

మొన్న చలికాలంలో నర్సీపట్నంలో ఒక ఇంటి కూడికలో పన్నెండు మందిమి, గోడ టీవీలో మళ్లీ ‘కరుణామయుడు’. రిమోట్ నా చేతిలోనే పెట్టమని అడిగాను. పిలాతుగా జగ్గయ్య చేతులు కడుక్కునే చోట ఆపి, చిన్నప్పటి మామ్మ ప్రశ్న అడిగాను. డిగ్రీ చదివే కుర్రాడు ఫోనులో వెతికి, ఈ చేతులు కడగడం నాలుగు సువార్తల్లో మత్తయి ఒక్కడే రాశాడన్నాడు. ఎందుకు రాశాడని ఇంకొకరు. యూదులకి కడగడమంటే ఏమిటో తెలుసు గనకేమో అని అయ్యగారు.

నాలుగిళ్లలో అంట్లు తోమి వచ్చిన ఒకామె అప్పటిదాకా గుమ్మం దగ్గరే కూర్చుని ఉంది. “సేతులు కడుక్కున్నోడి గురించే అంటన్నారు. ఆ నీళ్లు మోసుకొచ్చి పోసినోడున్నాడు గదా, ఆడికేటనిపించిందో?”

ఎవరూ మాట్లాడలేదు. అతను తెర మీద ఏ పక్కనున్నాడో చూద్దామని రిమోట్ వెనక్కి నొక్కాను.