పాటను ఏ పెట్టెలో దాచుకోవాలి?

హోసూరులోనో, బళ్లారిలోనో, బరంపురంలోనో మీ ఇంట్లో పాటలు కట్టే పిల్లలుంటే ఒక ప్రశ్న మీ చెవిన పడే ఉంటుంది. కంప్యూటరూ, మైకూ సమకూరిన మర్నాడే అడుగుతారు: ‘‘క్యూబేసా, లాజిక్కా, ఎఫ్.ఎల్. స్టూడియోనా? ఏది మంచిది?’’ అని. ఈ తగవు ఇప్పటిది కాదు. ఇది పుట్టిన చోటు చూస్తే, అడగవలసిన ప్రశ్న వేరే ఉందని మీకే తోస్తుంది.

1983లో మిడి అనే ఏర్పాటు వచ్చింది. ఒక కంపెనీ కీబోర్డు మీద మెట్టు నొక్కితే మరో కంపెనీ వాయిద్యం పలకడానికి, తయారీదారులు తమలో తాము కుదుర్చుకున్న భాష అది. అందులో ధ్వని ఉండదు. ఏ స్వరం, ఎప్పుడు, ఎంత బలంగా నొక్కారన్న సంగతులే ఉంటాయి. 1985లో అటారీ ఎస్.టి. అనే కంప్యూటరు ఈ మిడి తీగలు తగిలించే ఏర్పాటుతోనే బజారుకు వచ్చింది. మెకింతోష్ కంటే చవక. ఐరోపా సంగీతకారులు దాన్నే పట్టుకున్నారు.

ఆ యంత్రం మీద జర్మనీలో, హాంబర్గు ప్రాంతం నుంచే రెండు ప్రోగ్రాములు పోటీకి దిగాయి. ఒకటి సి-ల్యాబ్ వారి నోటేటర్. పల్లవిని ఒక ముక్కగా, చరణాన్ని ఒక ముక్కగా చేసి వరుసగా పేర్చేది. స్వరలిపి అందంగా చూపించేది. రెండోది స్టైన్‌బర్గ్ వారు 1989లో తెచ్చిన క్యూబేస్. ఇందులో కాలం ఎడమ నుంచి కుడికి సాగుతుంది, వాయిద్యాలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పాట మొత్తం ఒక్క చూపులో కనబడుతుంది. ఇవాళ మీరు ఏ ప్రోగ్రాము తెరిచినా దాదాపు అదే పటం. నా మటుకు నాకు ఆ పోటీలో క్యూబేస్ గెలుపు అక్కడే ఉంది. కాని నోటేటర్ అభిమానులు ఊరుకున్నారా? దాన్ని చేసినవారే తర్వాత ఎమాజిక్ అనే సంస్థ పెట్టి, లాజిక్‌ను తయారుచేశారు.

అసలు కథ ఇక్కడుంది. లాజిక్ అటు మెకింతోష్ మీద, ఇటు విండోస్ మీద నడిచేది. 2002 జూలైలో ఆపిల్ కంపెనీ ఎమాజిక్‌ను కొనేసింది. విండోస్ లాజిక్ అమ్మకం అదే ఏడాది సెప్టెంబరుతో సరి అన్నారు. డబ్బు పోసి కొన్నవారి కాపీ మర్నాడే మూగబోలేదు. కాని కొత్త విండోస్ వచ్చినప్పుడు దాన్ని సరిదిద్దే దిక్కు లేకపోయింది. మెకింతోష్ కొనాలి, లేదా వేరే ప్రోగ్రాము మొదటి నుంచి నేర్చుకోవాలి. వాళ్లు ఎంచుకున్నది నాసిరకం సరుకు కాదు సుమా!

ఓప్‌కోడ్ సంగతి ఇంకా కష్టం. మిడినీ, పాడిన గొంతునూ ఒకే తెర మీద చూపే స్టూడియో విజన్‌ను 1990లోనే తెచ్చిన ఘనత వారిది. 1998లో గిటార్లు చేసే గిబ్సన్ ఆ సంస్థను కొంది. మరుసటి ఏడాదికే పని ఆగిపోయింది. అదే గిబ్సన్ 2013లో, 1987 నాటి కేక్‌వాక్‌ను కొని, 2017లో దాన్నీ ఆపేసింది. 2018లో బ్యాండ్‌ల్యాబ్ చేతికి వచ్చి ఉచితంగా దొరకబట్టి వాడకందార్లు ఊపిరి పీల్చుకున్నారు.

మద్రాసులో తెలుగు సినిమా పాటలు టేపు మీద రికార్డయిన రోజుల్లో ఈ బాధ ఇంతగా లేదు. అదే వెడల్పు, అదే వేగం ఉన్న యంత్రమైతే చాలు, ఏ కంపెనీదైనా టేపు తిరిగేది. ఇప్పటి ప్రాజెక్టు ఫైలు అలా కాదు. క్యూబేస్‌లో దాచింది లాజిక్ తెరవదు. ఈ ఇబ్బంది తీర్చడానికే బిట్‌విగ్, ప్రీసోనస్ సంస్థలు 2023లో డాప్రాజెక్ట్ అనే ఉమ్మడి ఫైలు పద్ధతి తెచ్చాయి. అన్ని ప్రోగ్రాములూ ఇంకా దాన్ని ఒప్పుకోలేదు.

అందుకని పిల్లలకు ఇలా చెప్పండి. ధ్వని నాణ్యత కోసం తగవు పడవద్దు, పేరున్న ప్రోగ్రాములన్నీ రికార్డు చేయడంలో సమర్థమైనవే. తమ కంప్యూటరు మీద నడిచేది, పక్కన కూర్చుని నేర్పే మనిషి ఉన్నది తీసుకోమనండి. క్యూబేస్, లాజిక్, ఎఫ్.ఎల్. స్టూడియో కొనేముందు ఉచితంగా వాడి చూడవచ్చు. దొంగ కాపీ మాత్రం వద్దు. అందులో వైరస్ వచ్చి, ఉన్న పాటలు కూడా పోయే ప్రమాదముంది.

మన అమ్మమ్మల పెళ్లిపాటలూ, ఊరి భజనలూ రికార్డు చేస్తున్నారనుకోండి. అలా పాడే పెద్దలు తగ్గిపోతున్నారు, మళ్లీ పాడించుకునే వీలు ఉండకపోవచ్చు. పని ముగిసిన రోజునే ప్రతి గొంతునూ, ప్రతి వాయిద్యాన్నీ విడివిడిగా, అన్నీ ఒకే చోట మొదలయ్యేటట్టు వేవ్ ఫైళ్లుగా తీయించండి. వేవ్ 1991 నాటిది, ఇవాళ్టికీ అన్ని ప్రోగ్రాములూ చదువుతాయి. కీబోర్డు వాయింపును మిడి ఫైలుగా తీయించండి. రెండు చోట్ల దాచండి. శ్రుతి, వేగం, పాడినవారి పేరు, ఊరు, తేదీ ఒక కాగితం మీద రాసి ఆ డిస్కుతోనే ఉంచండి.