పార్కు కమిషనర్లకు సంఘ సభ్యత్వం: ఇల్లినాయ్ అనుభవం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో పార్కుల నిర్వహణ అధికారం చాలావరకు జీతం లేని సామాన్య పౌరుల చేతిలో ఉంది. వీరినే అక్కడ పార్కు కమిషనర్లు అంటారు. వృత్తి నైపుణ్యం, దీర్ఘకాలిక పదవి లేని ఈ పౌరులకు సంఘ సభ్యత్వం ఏ విధంగా ఉపకరించిందో 1869 నుంచి నేటివరకు జరిగిన పరిణామాల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సభ్యత్వం వల్ల కలిగిన ముఖ్య ప్రయోజనం గౌరవమో పరిచయాలో కాదనీ, తమ కింద పనిచేసే నిపుణులను ప్రశ్నించగల స్వతంత్ర జ్ఞానమనీ ప్రతిపాదిస్తుంది. ఆ సభ్యత్వానికి గల పరిమితులను కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: పార్కు కమిషనర్, పార్క్ డిస్ట్రిక్ట్, స్థానిక స్వపరిపాలన, సంఘ సభ్యత్వం, ఆటస్థలాల ఉద్యమం, చికాగో.

1. ఉపోద్ఘాతం

తెలుగు పాఠకులకు 'కమిషనర్' అనగానే పురపాలక సంఘంలో ప్రభుత్వం నియమించిన ఉన్నతాధికారి గుర్తుకు వస్తారు. ఇల్లినాయ్ పార్కు కమిషనర్ దీనికి పూర్తిగా భిన్నమైన వ్యక్తి. ఉపాధ్యాయుడో, వ్యాపారో, గృహిణో, విశ్రాంత ఉద్యోగో స్థానికుల ఓట్లతో ఎన్నికై కొన్నేళ్లపాటు జీతం లేకుండా ఈ బాధ్యత నిర్వహిస్తారు. 'పార్క్ డిస్ట్రిక్ట్' అన్నది కూడా మనకు తెలిసిన జిల్లా కాదు. పార్కులు, ఆటస్థలాలు, ఈతకొలనుల కోసమే ఏర్పడిన ప్రత్యేక స్థానిక సంస్థ అది. ఆస్తిపన్ను విధించడానికి, బాండ్ల ద్వారా అప్పు తేవడానికి, భూమి కొనడానికి దానికి చట్టబద్ధమైన అధికారం ఉంది. ఇటువంటి సంస్థలు ఆ రాష్ట్రంలో మూడు వందలకు పైగా ఉన్నాయి.

ఈ వ్యవస్థలో ఒక వైరుధ్యం ఉంది. నిర్ణయాధికారం కమిషనర్లది, విషయజ్ఞానం ఉద్యోగులది. భూమి విలువ, చెట్ల సంరక్షణ, ఈతకొలను భద్రత, టెండర్ల నిబంధనలు వంటి విషయాలన్నింటిలో కమిషనర్ తన సూపరింటెండెంట్ చెప్పినదానిపైనే ఆధారపడవలసి వస్తుంది. ఆధారపడేవారు పర్యవేక్షించడం ఎలా సాధ్యం? సంఘాల చరిత్రను ఈ ప్రశ్న వెలుగులో చదివినప్పుడే సభ్యత్వం విలువ స్పష్టమవుతుంది.

2. కమిషనర్ పదవి ఆవిర్భావం

1869లో ఇల్లినాయ్ శాసనసభ చికాగో నగరానికి సౌత్, వెస్ట్, లింకన్ అనే మూడు పార్కు కమిషన్లను ఏర్పాటు చేసింది. వెస్ట్, లింకన్ కమిషనర్లను గవర్నర్, సౌత్ కమిషనర్లను కుక్ కౌంటీ సర్క్యూట్ న్యాయమూర్తులు నియమించేవారు. నగరపాలనలోని పార్టీ రాజకీయాల నుంచి పార్కులను వేరుచేయడం ఈ ఏర్పాటు వెనుక ఉన్న ఆలోచన. 1871లో ఓమ్‌స్టెడ్, వాక్స్ అనే ప్రసిద్ధ శిల్పులు సౌత్ పార్కులకు రూపకల్పన చేశారు. 1893లో కొలంబియన్ ప్రపంచ ప్రదర్శన జరిగిన జాక్సన్ పార్కు ఈ కమిషన్ పరిధిలోనిదే. వివేకానందుని ప్రసంగం వల్ల మనకు చిరపరిచితమైన సర్వమత మహాసభ ఆ ప్రదర్శనకు అనుబంధంగానే జరిగింది.

1895 నాటి చట్టం స్థానికులే చిన్న పార్కు డిస్ట్రిక్టులను ఏర్పరచుకోవడానికి అవకాశమిచ్చింది. దానితో కమిషనర్ల సంఖ్య పెరిగింది. పెద్ద కమిషన్లకు ధనం, పలుకుబడి, పేరున్న శిల్పులు ఉండగా చిన్న డిస్ట్రిక్టులకు అవేవీ లేవు. చికాగోలోనే 1934 నాటికి 22 వేర్వేరు పార్కు పాలక సంస్థలు ఉండేవి. ఆర్థికమాంద్యం దెబ్బకు అవి కుదేలైనప్పుడు వాటన్నింటినీ కలిపి ఒకే చికాగో పార్క్ డిస్ట్రిక్టుగా మార్చారు. ఒంటరిగా నిలబడలేని సంస్థలకు ఉన్న మార్గాలలో విలీనం ఒకటి. తమ ఉనికిని, స్థానికతను నిలుపుకుంటూనే సంఘంగా ఏర్పడడం రెండవది. చికాగో వెలుపలి డిస్ట్రిక్టులు ఎంచుకున్నది ఈ రెండవ మార్గాన్నే.

3. తొలి జాతీయ సంఘాలు

పార్కులకు సంబంధించిన తొలి సంఘాలలో ఒకటి కమిషనర్లది కాదు, ఉద్యోగులది. 1898లో న్యూ ఇంగ్లండ్ ప్రాంతపు పార్కు సూపరింటెండెంట్లు ఒక సంఘంగా ఏర్పడ్డారు. ఆ సంఘమే క్రమంగా జాతీయస్థాయికి విస్తరించి అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పార్క్ ఎగ్జిక్యూటివ్స్ అయింది. నేల, నర్సరీ, రహదారి, కూలీల నిర్వహణ వంటి వృత్తి విషయాలు వారి చర్చాంశాలు.

రెండవ ధార 1906లో వాషింగ్టన్‌లో మొదలైంది. అక్కడ ఏర్పడిన ప్లేగ్రౌండ్ అసోసియేషన్ ఆఫ్ అమెరికాకు లూథర్ గ్యులిక్ తొలి అధ్యక్షుడు. నాటి దేశాధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్ గౌరవాధ్యక్షునిగా ఉండడానికి అంగీకరించాడు. జేన్ ఆడమ్స్ వంటి సంఘసేవకులు, జోసెఫ్ లీ వంటి దాతలు ఇందులో ఉన్నారు. వీరిలో పలువురు పార్కు ఉద్యోగులు కారు. పిల్లలకు వీధులు తప్ప ఆడుకునే చోటు లేదని కలత చెందిన పౌరులు.

ఈ సంఘం తొలి మహాసభ 1907 జూన్‌లో చికాగోలో జరగడం యాదృచ్ఛికం కాదు. అంతకు రెండేళ్ల ముందు, 1905లో, సౌత్ పార్కు కమిషన్ కార్మికవాడలలో కొత్తరకం పార్కులను ప్రారంభించింది. కబేళాల సమీపంలోని డేవిస్ స్క్వేర్ వాటిలో ఒకటి. ఆటస్థలంతో పాటు వ్యాయామశాల, స్నానపు గదులు, గ్రంథాలయం, సమావేశమందిరం ఒకేచోట ఉండే 'ఫీల్డ్ హౌస్' అనే కట్టడం వాటి ప్రత్యేకత. సూపరింటెండెంట్ జె. ఫ్రాంక్ ఫాస్టర్ ఆలోచనకు కమిషన్ అధ్యక్షుడు హెన్రీ ఫోర్‌మన్ నాయకత్వంలోని పౌరుల మండలి ఆమోదం తోడైంది. ఇతర నగరాల ప్రతినిధులు ఆ కట్టడాలను కళ్లారా చూశారు. సంఘ సభ్యత్వం ఇచ్చిన మొదటి ఫలం ఇదే: పోల్చిచూసే అవకాశం. మరో ఊరిలో సాధ్యమైనదాన్ని చూసివచ్చిన పౌరునికి తన ఊరి అధికారి 'ఇది సాధ్యం కాదు' అన్నప్పుడు తిరిగి అడగడానికి ఒక ఆధారం దొరికింది.

1910లో ఈ సంఘానికి అధ్యక్షుడైన జోసెఫ్ లీ 1937లో మరణించేవరకు ఆ పదవిలో కొనసాగాడు. 1930లో అది నేషనల్ రిక్రియేషన్ అసోసియేషన్‌గా పేరు మార్చుకున్నది. ఈ విధంగా ఉద్యోగుల సంఘం ఒకవైపు, పౌరుల సంఘం మరొకవైపు సమాంతరంగా నడిచాయి.

4. రాష్ట్ర సంఘం: సామూహిక స్వరం, సామూహిక జ్ఞాపకం

1928లో ఇల్లినాయ్ పార్కు డిస్ట్రిక్టుల సంఘం ఏర్పడింది. ఇందులో సభ్యత్వం డిస్ట్రిక్టుది. దాని ద్వారా కమిషనర్లందరూ సంఘంలో భాగస్వాములవుతారు. జాతీయ సంఘాలు ఆదర్శాలను అందించగా, రాష్ట్ర సంఘం చట్టాలపై దృష్టి పెట్టింది. పన్ను పరిమితి ఎంత, ఎన్నిక ఎలా జరగాలి, భూమిని ఏ పద్ధతిలో సేకరించాలి అనేవన్నీ రాష్ట్ర శాసనసభ నిర్ణయించే అంశాలు. ఒక చిన్న ఊరి ఐదుగురు కమిషనర్లు రాజధాని స్ప్రింగ్‌ఫీల్డుకు వెళ్లి చెప్పుకుంటే వినిపించని మాట, వందల డిస్ట్రిక్టులు కలిసి చెప్పినప్పుడు వినిపిస్తుంది.

జ్ఞాపకాన్ని నిలపడం రాష్ట్ర సంఘం చేయగలిగిన మరొక మేలు. దీనికి 1964లో అమెరికా కాంగ్రెస్ ఆమోదించిన భూ, జల పరిరక్షణ నిధి చట్టం మంచి ఉదాహరణ. స్థానిక సంస్థలు పార్కు భూమి కొనడానికి, అభివృద్ధి చేయడానికి అయ్యే ఖర్చులో సగం వరకు ఈ నిధి నుంచి పొందవచ్చు. దీనికి ఒక షరతు ఉంది. ఆ సహాయం పొందిన భూమి శాశ్వతంగా ప్రజల బహిరంగ వినోదానికే ఉండాలి. కేంద్రప్రభుత్వ అనుమతి, సమానమైన ప్రత్యామ్నాయ భూమి లేకుండా దానిని మరో ఉపయోగానికి మార్చరాదు. ఒప్పందంపై సంతకం చేసిన కమిషనర్లు పదవి దిగిపోతారు, షరతు మాత్రం మిగిలి ఉంటుంది. ఇరవై ఏళ్ల తర్వాత ఎన్నికైనవారు ఆ సంగతి తెలియక పార్కులో ఒక మూలను వాహనాల నిలుపుదలకు ఇవ్వడానికి సిద్ధపడవచ్చు. మారుతూ పోయే మండలికి స్వంత జ్ఞాపకం ఉండదు. ఎన్నికలతో మారని సంఘమే ఆ జ్ఞాపకానికి ఆశ్రయమవుతుంది.

శిక్షణ విషయంలో ఈ పాత్రను చట్టం కూడా గుర్తించింది. ప్రజాసంస్థల సమావేశాలు బహిరంగంగా జరగాలని ఇల్లినాయ్ 1957లోనే చట్టం చేసింది. 2012 నుంచి ప్రజాసంస్థల సభ్యులు ఈ చట్టంపై శిక్షణ పొందడం తప్పనిసరి అయింది. పదవీప్రమాణం చేసినవారు 90 రోజులలోగా దానిని పూర్తిచేయాలి. పార్కు కమిషనర్లు తమ డిస్ట్రిక్టులకు ప్రాతినిధ్యం వహించే సంఘం నిర్వహించే తరగతుల ద్వారా ఈ నిబంధనను నెరవేర్చవచ్చునని ఆ చట్టమే పేర్కొంటున్నది. స్వచ్ఛందంగా మొదలైన సంఘం ప్రభుత్వం గుర్తించిన బోధకునిగా పరిణమించిన తీరుకు ఇది నిదర్శనం.

5. 1965 విలీనం: పౌరులు, నిపుణులు ఒకే గూటిలో

1965లో నేషనల్ రిక్రియేషన్ అసోసియేషన్, అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పార్క్ ఎగ్జిక్యూటివ్స్‌తో పాటు మరికొన్ని సంఘాలు విలీనమై నేషనల్ రిక్రియేషన్ అండ్ పార్క్ అసోసియేషన్ ఏర్పడింది. 1898 నాటి ఉద్యోగుల ధార, 1906 నాటి పౌరుల ధార ఇక్కడ కలిశాయి.

ఈ కలయికలో లాభనష్టాలు రెండూ ఉన్నాయి. కమిషనర్, సూపరింటెండెంట్ ఒకే మహాసభలో కూర్చుని ఒకే సమాచారాన్ని వినగలగడం లాభం. వృత్తినిపుణుల ప్రయోజనాలు ముందుకు వచ్చి పౌరుల ప్రశ్నలు వెనక్కి పోయే ప్రమాదం ఉండడం నష్టం. ఉద్యోగికి సభ్యత్వం వృత్తిలో ఒక మెట్టు. అదే సభ్యత్వం కమిషనర్‌కు పదోన్నతిని గాని, జీతాన్ని గాని తెచ్చిపెట్టదు. అతడు దాని ద్వారా పొందగలిగింది వివేచన ఒక్కటే. అందువల్ల ఉద్యోగుల ద్వారా కాక తానే స్వయంగా సంఘ సమాచారాన్ని అందుకున్నప్పుడే కమిషనర్‌కు సభ్యత్వం సార్థకమవుతుంది.

6. కొలమానాలు: సహాయమా, సంకెలా?

వెయ్యిమంది జనాభాకు పది ఎకరాల పార్కు ఉండాలనే కొలత అమెరికాలో చాలాకాలం ప్రచారంలో ఉంది. 1983లో జాతీయ సంఘం ప్రచురించిన ప్రమాణాల గ్రంథం వెయ్యిమందికి 6.25 నుంచి 10.5 ఎకరాల వరకు ప్రధాన పార్కుభూమిని సూచించింది. ఇటువంటి అంకె కమిషనర్ చేతిలో ఆయుధం వంటిది. 'మన ఊరికి ఇంకా ఎంత కావాలి' అని లెక్కవేసి అడగడానికి, పన్ను చెల్లించేవారికి కారణం చూపడానికి అది పనికివచ్చింది.

కాని పేదల వాడకూ సంపన్నుల వాడకూ, చిన్న ఊరికీ మహానగరానికీ ఒకే అంకె సరిపోదు. ఎకరాల మొత్తం సరిపోయినా, అవన్నీ ఊరికి ఒకే దిక్కున ఉంటే రెండవ దిక్కున ఉన్న పిల్లలకు ప్రయోజనం లేదు. ఈ లోపాన్ని గుర్తించి జాతీయ సంఘం 1996లో వెలువరించిన మార్గదర్శకాలలో స్థిరమైన అంకెకు బదులు స్థానిక అవసరాల ఆధారంగా సేవాస్థాయిని నిర్ణయించుకొనే పద్ధతిని ముందుకు తెచ్చింది. సంఘం ఇచ్చే కొలతను ప్రశ్నకు మొదలుగా తీసుకోవాలే తప్ప తుదితీర్పుగా భావించకూడదని ఈ మార్పు తెలుపుతున్నది.

7. సభ్యత్వపు పరిమితులు

ఎవరు సభ్యులు కాగలిగారు అన్నది సంఘాల చరిత్రలో తప్పించుకోలేని ప్రశ్న. 1919 జులై 27న చికాగోలో 29వ వీధి తీరం వద్ద యూజీన్ విలియమ్స్ అనే నల్లజాతి యువకుడు, ఒక తెల్లజాతీయుడు రాళ్లు రువ్వడంతో నీటమునిగి మరణించాడు. రాతపూర్వక చట్టం లేకుండానే తీరాన్ని జాతులవారీగా విభజించిన అలవాటు దానికి నేపథ్యం. ఆ ఘటనతో రోజుల తరబడి అల్లర్లు చెలరేగి 38 మంది మరణించారు. ఆదర్శ పార్కుల నగరంగా పుష్కరకాలం కిందట మహాసభకు వేదికైన చికాగోలోనే ఇది జరిగింది.

1920 ప్రాంతంలో జాతీయ సంఘం నల్లజాతి ప్రజల వినోద అవసరాల కోసం ఒక ప్రత్యేక విభాగాన్ని ప్రారంభించింది. దానికి ఎర్నెస్ట్ అట్‌వెల్ నాయకత్వం వహించాడు. ఆ విభాగం అనేక ఊళ్లలో ఆటస్థలాలకు, శిక్షణకు తోడ్పడింది. అయినా అది ప్రధానంగా వేర్పాటు చట్రంలోనే పనిచేసింది. సభ్యసంస్థలను కలుపుకొని పోవలసిన సంఘం వాటి అన్యాయాన్ని గట్టిగా నిలదీయడానికి వెనుకాడుతుంది. సంఘటితశక్తి ఎంత విలువైనదో, ఆ శక్తిని కాపాడుకోవడానికి పాటించే మౌనం అంత ఖరీదైనది.

రెండవ పరిమితి ధనానికి సంబంధించినది. సభ్యత్వ రుసుము, మహాసభల ప్రయాణ వ్యయం ప్రజల పన్నుల నుంచి వస్తాయి. మహాసభకు వెళ్లివచ్చిన కమిషనర్ నేర్చుకున్నదాన్ని బహిరంగ సమావేశంలో వివరించనప్పుడు ఆ ఖర్చు విహారయాత్రతో సమానమవుతుంది.

8. తెలుగు ప్రాంతాలతో సంబంధం

ఈ ఉద్యమానికి తెలుగునేలతో పరోక్షమైన బంధం ఉంది. లూథర్ గ్యులిక్ బోధించిన స్ప్రింగ్‌ఫీల్డ్ (మసాచుసెట్స్) వై.ఎం.సి.ఎ. శిక్షణ సంస్థలో తర్వాతి కాలంలో చదివిన హెచ్.సి. బక్ 1920లో మద్రాసులో వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించాడు. ఆంధ్ర జిల్లాలు అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. ఆ విధంగా ఆటస్థల నిర్వాహకుల శిక్షణ మన దరికి చేరింది. పార్కుల కోసం ప్రత్యేకంగా ఎన్నికయ్యే పౌరమండలి మాత్రం రాలేదు. 1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పన్నెండవ షెడ్యూలులో పార్కులు, ఉద్యానాలు, ఆటస్థలాలను పురపాలక సంస్థల విధులలో చేర్చింది. అంటే ఆ బాధ్యత ఇక్కడ వార్డు సభ్యులు వహించే అనేక బాధ్యతలలో ఒకటి.

9. ముగింపు

ఇల్లినాయ్ చరిత్రలో పార్కు కమిషనర్‌కు సంఘ సభ్యత్వం మూడు విధాల ఉపకరించింది. ఇతర ఊళ్లతో పోల్చుకునే చూపునిచ్చింది, మారే మండలికి మారని జ్ఞాపకమైంది, శాసనసభ ముందు ఉమ్మడి గొంతుకగా నిలిచింది. ఈ మూడింటి ఫలితం ఒక్కటే: నిపుణుని మాటను గౌరవిస్తూనే దానిని పరీక్షించగల పౌరుడు రూపొందడం. పౌరుల పాలన నిలవాలంటే పౌరులకు అధికారం ఒక్కటే చాలదు, ఆ అధికారాన్ని ఉపయోగించే జ్ఞానం ఉద్యోగుల నుంచి మాత్రమే కాక మరొక మార్గంలోనూ అందాలి. సంఘం ఆ మార్గం కాగలదు. అయితే సంఘం చెప్పినదాన్ని సైతం ప్రశ్నించినప్పుడే కమిషనర్ తనను ఎన్నుకున్నవారికి జవాబుదారీగా మిగులుతాడు. 1919 నాటి తీరం చేసిన హెచ్చరిక అదే.