ఎమ్మెస్సీ జియాలజీ

భూగర్భశాస్త్రంలో రెండేళ్ల, నాలుగు సెమిస్టర్ల పోస్టుగ్రాడ్యుయేట్ డిగ్రీ. తెలుగు రాష్ట్రాల్లో ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాలు దీన్ని బోధిస్తున్నాయి. ఐఐటీల్లో చేరడానికి 'జామ్' పరీక్ష రాయాలి.

పాఠ్యాంశాలు: ఖనిజశాస్త్రం, శిలాశాస్త్రం, స్తరశాస్త్రం, శిలాజశాస్త్రం, నిర్మాణ భూగర్భశాస్త్రం, భూగర్భజలాలు, రిమోట్ సెన్సింగ్. ప్రయోగశాలలో రాతిముక్కను 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి, గాజు పలకపై అతికించి, ధ్రువణ సూక్ష్మదర్శినిలో చూస్తారు. ఆ మందంలో క్వార్ట్జ్ బూడిద, తెలుపు ఛాయల్లో కనిపిస్తుంది. ఆలివిన్ కాంతివంతమైన రంగులతో మెరుస్తుంది.

క్షేత్రాధ్యయనం: సుత్తి, భూతద్దం, దిక్సూచి పట్టుకుని రాతిపొరలు ఏ దిశగా సాగాయో, ఎంత కోణంలో వాలాయో కొలిచి పటం గీయడం ఇందులో ముఖ్యం. కడప శిలాసమూహం, మంగంపేట ముగ్గురాయి గనులు, తూర్పు కనుమల ఖోండలైట్, చార్నొకైట్ శిలలు, గోదావరి లోయలోని గోండ్వానా బొగ్గు పొరలు తెలుగు నేలపైనే ఉన్న చక్కని అధ్యయన స్థలాలు.

ఉద్యోగాలు: 1851లో ఏర్పడిన భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థలోనూ, కేంద్ర భూగర్భజల మండలిలోనూ యూపీఎస్సీ కంబైన్డ్ జియో-సైంటిస్ట్ పరీక్ష ద్వారా కొలువులు దక్కుతాయి. గనులు, చమురు, ఆనకట్టలు, సొరంగాల రంగాల్లోనూ అవకాశాలున్నాయి. పరిశోధన వైపు వెళ్లేవారు నెట్, గేట్ రాస్తారు.